దేశదిమ్మరుల పుస్తకాలు: ఒక పరిశీలన

కెనడాలో స్థిరపడిన మన మారిషస్ తెలుగు కుటుంబాలలో "స్థిరపడడం" అన్న మాటకే ఇప్పుడు కష్టకాలం వచ్చింది. పిల్లలు చదువుకొన్నారు, ఉద్యోగాలు సంపాదించుకొన్నారు. అయితే ఆ ఉద్యోగానికి ఆఫీసు లేదు. ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అదే ఆఫీసు. మాంట్రియల్‌లో, టొరంటోలో అద్దెలు కట్టలేక కొందరు, కట్టడం ఇష్టం లేక కొందరు ఇల్లు వదిలేసి, వీపున సంచితో తిరుగుతూ పని చేసుకొంటున్నారు. రెండు నెలలు హాస్టల్‌లో, వేసవి అంతా పాత వ్యాన్‌లో, చలికాలం మెక్సికోలోనో థాయిలాండ్‌లోనో చవక గదిలో గడుపుతారు. ఉగాది నాడు నలుగురూ కలిసినప్పుడు "మీ అబ్బాయి ఎక్కడుంటున్నాడు?" అని అడిగితే, తల్లి "ఏ వారం సంగతి అడుగుతున్నారు?" అని తిరిగి అడగవలసి వస్తున్నది.

ఈ బతుకును మెచ్చుకొంటూ, నేర్పుతూ, అప్పుడప్పుడు హెచ్చరిస్తూ ఇంగ్లీషులో పుస్తకాలు చాలా వచ్చాయి. పిల్లలు వాటిని చేతులు మార్చుకొని చదువుతున్నారు. పెద్దలు వాటిని తెరవకుండానే తిట్టుతున్నారు. ఈ రెండింటి మధ్య ఎవరో ఒకరు కూర్చొని వాటిని పుస్తకాలుగా చదవడం అవసరమనిపించి, అందులో ఐదింటిని మేము చదివాము. పక్కన మన ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'ను కూడ పెట్టుకొన్నాము. అలా పెట్టుకోవడం ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొదట ఒక మాట గురించి. రోల్ఫ్ పాట్స్ అనే అమెరికన్ రచయిత 2003 ప్రాంతంలో వెలువరించిన పుస్తకం పేరు 'వాగబాండింగ్'. దేశాలు పట్టి తిరగడాన్ని ఒక కళగా, ఒక ఘనతగా ఆయన ఆ పేరు పెట్టారు. మన ఇళ్ళలో ఈ మాటకు ఏమి అర్థముందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. మారిషస్ క్రియోల్‌లో "వాగబోన్" అంటే ఇప్పటికీ తిట్టు. అంతకు ముందు అది నేరం. 1867 నాటి చట్టం ప్రకారం, ఒడంబడిక గడువు ముగించుకొన్న కూలీ కూడ తన ఫోటో అంటించిన టికెట్టు వెంట ఉంచుకోవాలి. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోవాలంటే పోలీసుల పాసు కావాలి. అవి లేకుండా రోడ్డు మీద కనిపిస్తే వాగబాండు కింద లెక్క, పట్టుకొని లోపల వేసేవారు. చెరకు తోట దాటి పక్క ఊళ్ళో బంధువును చూడబోయిన వాడూ వాగబాండే. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ పూనికతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు అర్జీ పెట్టుకొన్నది ఈ బాధల గురించే. దాని ఫలితంగానే 1872లో రాయల్ కమిషన్ వచ్చింది.

ఈ సంగతి చెప్పడం పాట్స్ గారిని తప్పు పట్టడానికి కాదు. ఆయన పుస్తకం ఈ ఐదింటిలో మర్యాద గలది. సంపాదించి, కూడబెట్టి, ఆ డబ్బుతో కాలాన్ని కొనుక్కోవాలని, తక్కువ సామానుతో నిదానంగా తిరగాలని, పోయిన చోట మనుషులతో మాట్లాడాలని ఆయన చెబుతారు. శ్రమను చిన్నబుచ్చరు. కాని ఆయన లెక్కలో తిరగగలగడం అనేది మనసుకు సంబంధించిన విషయం: ధైర్యం చేస్తే తిరగవచ్చు, చేయకపోతే ఇంట్లో ఉండిపోతాము. కాగితం సంగతి ఎక్కడా పెద్దగా రాదు. మా ముత్తాతల తరానికి ధైర్యం తక్కువై తోటలో ఉండిపోలేదు.

స్టీవెన్ రాబర్ట్స్ పుస్తకం 'కంప్యూటింగ్ అక్రాస్ అమెరికా' 1988 నాటిది. మా అభిమానం దీని మీదే ఎక్కువ. 1983లో ఆయన ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఇల్లు వదులుకొని, పడుకొన్నట్టు కూర్చొని తొక్కే ఒక వింత సైకిలు మీద బయలుదేరారు. దాని మీద సూర్యరశ్మితో విద్యుత్తు చేసే పలకలు, టి.ఆర్.ఎస్.-80 మోడల్ 100 అనే చిన్న కంప్యూటరు ఉన్నాయి. పత్రికలకు వ్యాసాలు రాసి, దారిలో దొరికిన టెలిఫోను ద్వారా పంపి, ఆ డబ్బుతో తినేవారు. అప్పటికి మనలో చాలామందిమి ఉత్తరం వేసి నెల రోజులు జవాబు కోసం చూసేవాళ్ళం. కంప్యూటరు మీద పని చేస్తూ తిరిగే మనుషులలో ఆయన్ని మొదటివారిలో ఒకరిగా చెప్పుకొంటారు.

ఆ పుస్తకంలో మేము మెచ్చుకొన్నది యంత్రాలను కాదు. ఆయన ఒక ఊళ్ళోకి వచ్చేసరికి టెలిఫోను కావాలి, రాత్రికి నీడ కావాలి, కాళ్ళకు విశ్రాంతి కావాలి. ఈ మూడింటికీ ఎవరినో ఒకరిని అడగక తప్పదు. అలా అడగడం వల్లనే పుస్తకం నిండా మనుషులు ఉన్నారు. ఇప్పటి వారికి గది, భోజనం, బండి అన్నీ ఫోను మీద వేలు పెడితే వస్తాయి. ఎవరినీ అడగనక్కర లేదు. అందుచేత ఇప్పటి పుస్తకాలలో ఊళ్ళ పేర్లు వరుసగా వస్తాయి గాని ఊరివాళ్ళు రారు. కాఫీ బాగుంది, ఇంటర్నెట్ బాగుంది, అద్దె ఇంత అన్నది తెలుస్తుంది. కాఫీ పోసిన మనిషి ఎంత అద్దె కడుతున్నాడో తెలియదు.

1997లో త్సుగియో మకిమొటో, డేవిడ్ మానర్స్ కలిసి రాసిన 'డిజిటల్ నోమాడ్' భవిష్యత్తు చెప్పే పుస్తకం. సేద్యం నేర్చి ఒకచోట కుదురుకొన్న మనిషి, చిన్న యంత్రాలు చేతికి రాగానే మళ్ళీ పాత సంచార జీవితానికి పోతాడని వారు ఊహించారు. ప్రభుత్వాలు పౌరుల కోసం పోటీపడే రోజు వస్తుందని కూడ అన్నారు. దీనిని నీరసంగా ఉందని పక్కన పెట్టబోయాము. కాని వారు చెప్పినది సగం నిజమయింది. 2020లో మన మారిషస్ ప్రభుత్వమే "ప్రీమియం వీసా" తెచ్చింది. కెనడా వంటి దేశాల వారు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చి, పొడిగించుకొనే వీలుతో ఏడాది పాటు ఉండవచ్చు. సంపాదన మాత్రం బయటి నుంచే రావాలి, స్థానికుల ఉద్యోగాల జోలికి రాకూడదు. ఒకనాడు పోర్ట్ లూయీ రేవులో మెట్లెక్కిన వారికి ఒక నంబరు వేసి, తోట పేరు చెప్పి పంపించిన దీవి ఇది. ఇప్పుడు వచ్చేవారిని పని చేయవద్దు, ఖర్చు పెడితే చాలు అంటున్నది. 2023 జూన్‌లో కెనడా కూడ ఇలాంటి మాటే చెప్పింది. విదేశీ యజమానికి దూరం నుంచి పని చేసుకొనేవారు మామూలు సందర్శకులుగానే వచ్చి ఆరు నెలల వరకు ఉండవచ్చునని, వేరే పని పర్మిటు అక్కర్లేదని ప్రకటించింది. మకిమొటో గారు ఊహించిన పోటీ వచ్చింది గాని, అది మనిషి కోసం వచ్చిన పోటీ కాదు. అతని బ్యాంకు ఖాతా కోసం వచ్చిన పోటీ.

ఇక్కడ కెనడా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పుస్తకాలు చదివిన పిల్లలు మొదట అడుగు పెట్టేది ఇక్కడి రోడ్ల మీదనే.

తక్కువ ఖర్చుతో తిరగడానికి కెనడాకు పాత పరిచయమే. 1933లో కాల్గరీకి చెందిన మేరీ, కేథరీన్ బార్క్లే అనే అక్కచెల్లెళ్ళు (ఇద్దరూ ఉపాధ్యాయినులే, మాకు ఆ మాట చెప్పుకోవడం ఇష్టం) బ్రాగ్ క్రీక్ దగ్గర ఒక గుడారం వేసి ఉత్తర అమెరికాలో మొదటి యువజన హాస్టల్ తెరిచారు. ఇప్పుడు హాస్టల్ కన్నా వ్యాన్ మీద మోజు ఎక్కువ. దానికి కారణం ఖాళీ భూమి. కెనడా నేలలో పదింట తొమ్మిది వంతులు "క్రౌన్ ల్యాండ్", అనగా ప్రభుత్వ భూమి. ఒంటేరియోలో అటువంటి చాలా చోట్ల దేశవాసులు ఒకే స్థలంలో 21 రోజుల వరకు డబ్బు కట్టకుండా గుడారం వేసుకోవచ్చు. బ్రిటిష్ కొలంబియాలో 14 రోజులు. ఆల్బెర్టాలో కొండల తూర్పు వాలులో మాత్రం 2021 నుంచి మనిషికి ఏడాదికి 30 డాలర్ల పాసు పెట్టారు. టొరంటోలో ఒక గది అద్దె కట్టినవాడికి ఇది స్వర్గమే.

వ్యాన్ బతుకు గురించి వచ్చే కథనాలలో ఈ భూమిని "ఎవరిదీ కాని భూమి" అన్నట్టు రాస్తారు. మేము అక్కడ ఆగిపోయాము. 1885 తరువాత పశ్చిమ కెనడా మైదానాలలో ఆదివాసులు తమ రిజర్వు దాటి బయటికి రావాలంటే ప్రభుత్వ ఏజెంటు రాసిచ్చిన పాసు చూపించవలసి వచ్చేది. దానికి చట్టం అంటూ ఏదీ లేదు. అయినా కొన్ని దశాబ్దాల పాటు నడిచింది. మారిషస్ ఫోటో టికెట్టు గురించి ఇంట్లో విని పెరిగిన వారికి ఇది ఎంత దగ్గరి చుట్టమో వేరే చెప్పాలా? ఒకే సామ్రాజ్యం, ఇరవై ఏళ్ళయినా తేడా లేదు; అక్కడ చెరకు కోసం, ఇక్కడ గోధుమ భూముల కోసం. ఆ భూమి మీద పిల్లలు గుడారం వేసుకొంటే తప్పు లేదు. ఆ సంగతి ఒక్క వాక్యంలోనైనా లేని పుస్తకాన్ని మాత్రం మంచి ప్రయాణ పుస్తకం అని మేము అనలేము.

పుస్తకాలు చెప్పని ఇంకో సంగతి ఆరోగ్య బీమా. క్యూబెక్‌లో ఒక క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులు బయట గడిపితే మామూలుగా ఆ సంవత్సరానికి ప్రభుత్వ వైద్య బీమా అర్హత పోతుంది (21 రోజులకు మించని ప్రయాణాలు లెక్కలోకి రావు). ఒంటేరియోలో ఏ పన్నెండు నెలలు చూసినా కనీసం 153 రోజులు అక్కడే ఉండాలి. ఆదాయపు పన్ను వారు కూడ ఇల్లు ఎక్కడ, భార్య లేక భర్త ఎక్కడ, పిల్లలు ఎక్కడ అని అడుగుతారు. ఏ ఊరికీ చెందను అని నవ్వుతూ బయలుదేరినవాడికి ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఏమీ అనిపించదు. అపెండిక్స్ నొప్పి వచ్చిననాడు చిరునామా ఎంత విలువైనదో తెలుస్తుంది. ఇది పెద్దల గొణుగుడు అనుకొంటే అనుకోండి.

టిమ్ ఫెరిస్ రాసిన 'ది ఫోర్-అవర్ వర్క్‌వీక్' (2007) ఈ ఐదింటిలో బహుశా ఎక్కువగా అమ్ముడుపోయింది, మాకు తక్కువగా నచ్చింది. వారానికి నాలుగు గంటలు పని చేసి మిగతా కాలం లోకం తిరగవచ్చునని దాని వాగ్దానం. డాలర్లలో సంపాదించి, చవక దేశంలో ఖర్చు పెట్టాలి. విసుగు పుట్టించే పనులను దూరదేశపు సహాయకులకు, బెంగుళూరు వారికి అన్నమాట, గంటకు ఇంత అని అప్పగించాలి. మనకు ఈ లెక్క కొత్తగా నేర్పనక్కర లేదు. చెరకు తోట దొర పారిస్‌లో ఉండేవాడు, సర్దారు తోటలో ఉండేవాడు, కూలీ ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానిని "డబుల్ కట్" అనేవారు. బెంగుళూరు ఉద్యోగిని కూలీతో సమానం చేసి మేము అతిశయోక్తి చెప్పడం లేదు. అతనికి జీతం ఉంది, మానివేసే హక్కు ఉంది. అయినా ఒకరి నాలుగు గంటలు ఇంకొకరి రాత్రి షిఫ్టు మీద నిలబడినప్పుడు, ఆ రెండో మనిషి పుస్తకంలో ఒక ఉపాయంగా మాత్రమే కనిపిస్తే, దానిని స్వేచ్ఛకు మార్గదర్శి అనడం మాకు చేతకాదు.

పాస్‌పోర్టు గురించి కూడ ఒక మాట. కెనడా పౌరుడు మారిషస్‌కు వీసా లేకుండా వస్తాడు. మారిషస్ పౌరుడు కెనడాకు రావాలంటే వీసాకు అర్జీ పెట్టాలి, బ్యాంకు కాగితాలు చూపాలి, తిరిగి పోతానని నమ్మించాలి. మాంట్రియల్‌లో పుట్టిన పెద్దమ్మ కొడుకు, పోర్ట్ లూయీలో పుట్టిన చిన్నమ్మ కొడుకు ఒకే కంప్యూటరు మీద ఒకే పని చేస్తున్నా, ఒకడు సంచారి, రెండోవాడు అర్జీదారు. 2023 నాటి ఆ ఆరు నెలల మాట కాగితం మీద అందరికీ వర్తిస్తుంది; గుమ్మం దాకా రాగలిగినవారికి.

అదే 2023 సంవత్సరంలో, ఆగస్టు-సెప్టెంబరు నెలలలో, ఆధునిక బానిసత్వంపై ఐక్యరాజ్యసమితి నియమించిన ప్రత్యేక ప్రతినిధి టొమోయా ఒబొకాటా కెనడా వచ్చి చూశారు. తాత్కాలిక విదేశీ కార్మికుల పథకం నేటి కాలపు బానిసత్వానికి తావిస్తున్నదని ఆయన తీవ్రంగా విమర్శించారు. కారణం మనకు బాగా తెలిసినదే. ఆ పర్మిటు ఒకే యజమానికి కట్టివేసి ఉంటుంది. యజమాని కాదంటే ఉద్యోగం, గది, దేశంలో ఉండే హక్కు మూడూ ఒకేసారి పోతాయి. 1966 నుంచి జమైకా, తరువాత ట్రినిడాడ్, ఇతర కరీబియన్ దీవులు, మెక్సికో నుంచి పొలం పనివారు ఏడాదికి ఎనిమిది నెలల వరకు ఇలా వచ్చి టమాటాలు, ఆపిల్ పండ్లు కోసిపెడుతున్నారు. ట్రినిడాడ్ అంటే మనలాగే ఓడలు ఎక్కి వచ్చినవారి పిల్లలు కూడ ఉన్న దేశం. ఏటా ఇల్లు వదిలి తిరిగేవారే వీరు కూడ, సామాను కూడ తక్కువే, ఖర్చూ తక్కువే. కాని వీరిని సంచారులు అని ఏ పుస్తకమూ అనదు. జూన్‌లో ల్యాప్‌టాప్ వారికి పర్మిటు అక్కర్లేదన్న ప్రభుత్వానికే సెప్టెంబరులో ఈ మాట వినవలసి వచ్చింది. మా దృష్టిలో ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదవని సంచార సాహిత్యం సగం సాహిత్యమే.

ఆ పని కొంతవరకు చేసినది జెస్సికా బ్రూడర్. ఆమె 'నోమాడ్‌లాండ్' 2017లో వచ్చింది. 2020లో సినిమాగా కూడ తీశారు. ఇల్లు పోగొట్టుకొని, పింఛను చాలక, అరవై డెబ్భై ఏళ్ళ వయసులో వ్యాన్‌లో కాపురం పెట్టిన అమెరికన్ల కథ ఇది. వారు గోదాములలో సరుకులు ఏరుతారు, క్యాంపు స్థలాలు శుభ్రం చేస్తారు, చక్కెర దుంపల కోతకు పోతారు. చక్కెర! ఆ పేజీ దగ్గర మేము పుస్తకం కాసేపు మూసి పెట్టాము. చెరకు కాకపోతే దుంప. చక్కెర ఎప్పుడూ నడుము వంచే మనుషులను వెతుక్కొంటూనే ఉంటుంది కాబోలు. బ్రూడర్ తాను కూడ ఆ పనులలో చేరి, ఒళ్ళు హూనం చేసుకొని రాశారు. వ్యాన్‌లోని మనుషుల ఆత్మగౌరవాన్ని తగ్గించకుండా, వారి దరిద్రాన్ని సాహసంగా అలంకరించకుండా రాయడం తేలిక కాదు. ఐదింటిలో ఇదే గొప్ప పుస్తకం. పిల్లలకు ఒక్కటే ఇవ్వాలంటే దీనిని ఇవ్వండి.

మన వీరాస్వామయ్య గారి దగ్గరికి ఇప్పుడు వస్తాము. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉద్యోగం. సెలవు తీసుకొని 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూసుకొని, జగన్నాథం నుంచి కళింగ తీరం వెంబడి దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి సంగతులు రాసి పంపేవారు. వీరాస్వామయ్య 1836లో పోయారు. 1838లో పిళ్ళె గారు దానిని అచ్చు వేయించారు. మళ్ళీ 1941లో దిగవల్లి వేంకట శివరావు గారి పరిష్కరణతో వచ్చింది. తిరుగుతూ, తిరుగుడును ఎప్పటికప్పుడు రాసి పంపుతూ బతకడం మన పిల్లలు కనిపెట్టినది కాదని చూపడానికే దీనిని ముందు పెట్టుకొన్నాము.

ఆయన బీద ప్రయాణీకుడు కారు. వెంట సుమారు నూరు మంది పరివారం. పల్లకీ మీద పోయారు. అయినా ఆయనకున్న ఒక అలవాటు పై ఆరుగురిలో ఒకరిద్దరికే ఉన్నది. తనను మోసే బోయీల సంగతి ఆయనకు లెక్కే. ఏ మజిలీలో మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ ఊళ్ళో సరుకులు దొరకవు, ఎక్కడ దారి చెడ్డది, కంపెనీ వారు ప్రయాగలో, గయలో యాత్రికుల దగ్గర పన్ను ఎలా వసూలు చేస్తున్నారు, అన్నీ రాశారు. వెనుక వచ్చేవారికి పనికిరావాలని రాశారు. ఆయన దిగి వచ్చిన ఆ తీరం నుంచే కొద్ది ఏళ్ళలో కోరంగి రేవు మీదుగా మన వారు మారిషస్ ఓడలు ఎక్కారు. మారిషస్‌లో తెలుగువారిని "కోరంగీలు" అనడం అందుకే. ఆ ఊళ్ళు అప్పుడెలా ఉన్నాయో, మన వారు ఏ దారి నడిచారో తెలుసుకోవాలంటే మనకు దగ్గర దొరికే తెలుగు పుస్తకం ఒక తిరుగుబాటసారి రాసినదే కావడం విశేషం.

తెలుగు దేశం మాత్రం తన సంచారులను గౌరవించిందని అనుకోరాదు. సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకొన్న మాకు "దేశదిమ్మరి" అన్న మాట నిఘంటువులో దొరికింది. అది పొగడ్త కాదని పంతులు గారు చెప్పారు. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్మిన ఎరుకలవారిని ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతిగా రాసుకొని, 1913లో స్టువార్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి కూర్చోబెట్టింది. మూలమైన నేరస్థ జాతుల చట్టం 1871 నాటిది, మన వారి అర్జీ కూడ ఆ ఏడాదిదే. ఆ ముద్ర 1952లో గాని తొలగలేదు. అందుచేత ఈ వ్యాసానికి ఆ మాటనే పేరుగా పెట్టాము.

మన పిల్లలు తిరుగుతూనే ఉన్నారు, ఫోటోలు పంపుతూనే ఉన్నారు. ఈ పత్రికకు వచ్చే ప్రయాణ వ్యాసాలు కూడ పెరిగాయి. అవి చదివినప్పుడల్లా వీరాస్వామయ్య గారిలాగా కొన్ని లెక్కలు ఉంటే బాగుండుననిపిస్తున్నది. గదికి మీరెంత ఇచ్చారు అన్నది సరే. మీరు రాకముందు ఆ గదిలో ఎవరున్నారు? పక్కింటివారి అద్దె ఎంత పెరిగింది? మీ గది ఊడ్చిన ఆమె ఏ ఊరి నుంచి వచ్చింది, ఆమె చేతిలో ఏ కాగితం ఉన్నది? ఏ సరిహద్దు దగ్గర మిమ్మల్ని నవ్వుతూ పంపించారు, ఏ సరిహద్దు దగ్గర మీ పేరు చూసి పక్కన నిలబెట్టారు? తెలుగు తడబడినా ఫరవాలేదు, దిద్దుకొంటాము. రెండు పేజీలు చాలు.